ఎడారిలో జెర్బోవాను వెంటపడకుండా చూడాలంటే

గల్ఫ్‌లో ఉంటూ సెలవు రోజుల్లో ఎడారికి క్యాంపింగ్‌కి వెళ్లే మనవాళ్ల కోసం రాస్తున్నా. జెర్బోవా అంటే గుప్పెట్లో పట్టేంత ఎలుక జాతి జీవి, వెనక కాళ్ల మీద కంగారూలా గెంతుతుంది, అరబ్బీలో జర్బూ అంటారు. ఒమన్‌లో వహీబా ఇసుక దిబ్బల అంచున, జమ్మి చెట్లున్న చోట నేను చూశాను. అవును, దసరాకి మనం పూజించే జమ్మే, అక్కడ గాఫ్ అంటారు.

రాత్రి తిరిగే జీవే అయినా పని పొద్దున్నే మొదలుపెట్టాలి. గాలి లేచిందంటే ఇసుక మీద గుర్తులు చెరిగిపోతాయి, అందుకే తెల్లవారుతూనే పొదల చుట్టూ వెతకండి. మామూలు ఎలుకైతే నాలుగు కాళ్ల గుర్తులూ కనిపిస్తాయి. జెర్బోవావి రెండే, జంటగా పడతాయి, ఆ తర్వాత కాస్త ఖాళీ ఇసుక, మళ్లీ ఇంకో జంట. పాదం కింద వెంట్రుకలుంటాయి కాబట్టి ఇసుకలో దిగబడదు, గుర్తు కూడా అంత లోతుగా ఉండదు.

ఆ గుర్తులు ఒక్కోసారి ఉన్నట్టుండి ఆగిపోతాయి. అక్కడ దయచేసి తవ్వకండి! పగటి పూట అది లోపలి నుంచి కన్నానికి ఇసుకతో మూత పెట్టుకుని పడుకుంటుంది, ఎండ లోపలికి రాకుండా, ఊపిరిలోని తేమ బయటికి పోకుండా. నీళ్లు తాగకుండా బతికేయగలదు, గింజలు, లేత ఆకులు, వేర్లలో దొరికిన తేమే దానికి ఆధారం, మూత్రం కూడా బాగా చిక్కగా, కొద్దిగానే పోస్తుంది. ఇంత జాగ్రత్తగా దాచుకున్న తేమని మనం ఒక్క పుల్లతో పాడుచేసేస్తాం.

చీకటి పడ్డాక ఆ గుర్తులకి ఓ ఇరవై అడుగుల దూరంలో చాప వేసుకుని కూర్చోండి. బండి ఇంజిన్, లైట్లు ఆపేసి, టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, ఫోన్ జేబులో పెట్టేయండి. నాకు గంట పైనే పట్టింది. ముందు కనిపించింది తోక చివరి కుచ్చు, నలుపూ తెలుపూ. ఒంటి కన్నా పొడవైన ఆ తోకని ఇసుకకి ఆనించి నిలబడింది, ముందు కాళ్లు గడ్డం కింద ముడుచుకుంటే అసలు ఉన్నాయా అనిపించింది, తర్వాత వాటితోనే గింజని పట్టుకుని కొరికింది. నేను కాలు కదిపానో లేదో, వంకర టింకరగా గెంతుతూ మాయమైపోయింది.

ఆ వంకర గెంతులు నక్కనీ గుడ్లగూబనీ తప్పించుకోవడానికి, బండి హెడ్‌లైట్ల ముందు అవేం పనికొస్తాయి? మాతో వచ్చిన ఒక కుర్రాడు సరదాకని బండితో తరిమాడు, మర్నాడు చూస్తే టైరు కింద ఒక కన్నం కూలిపోయి ఉంది. నాకు ఇప్పటికీ బాధే. పట్టుకుని పెంచుదామనీ అనుకోవద్దు, రాత్రంతా గెంతే జీవి బోనులో ఏం బతుకుతుంది.

ఒక్క బండితో దిబ్బల్లోకి దిగకండి, నీళ్లు అవసరానికి మించే పెట్టుకోండి. ఇసుకలో కప్పుకుని పొంచి ఉండే కొమ్ముల పాము, తేళ్లు కూడా రాత్రే తిరుగుతాయి, కాబట్టి విప్పిన బూట్లని దులపకుండా మళ్లీ వేసుకోకండి.