భగీరథ నల్లాకు ఆర్‌ఓ దండుగ, బోరుకైతే ఇట్లా పెట్టుకోండి

ఆర్‌ఓ మిషన్ ఏ కంపెనీది కొనాలని చూసేముందు, ఇంట్లో తాగేది ఏ నీళ్లో తేల్చుకోవాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు చాలా ఇళ్లకు రెండు రకాల నీళ్లు ఉంటాయి. నల్లాలో వచ్చేవి మిషన్ భగీరథ కింద శుద్ధి చేసి పంపే కృష్ణా నీళ్లు. వాకిట్లోవి బోరు నీళ్లు. ఈ రెండింటికీ ఒకే మిషన్ అమ్ముతున్నారు. మొదటిదానికి అది దండుగ ఖర్చు. రెండోదానికి అవసరమే గానీ, బిగించేటప్పుడు ఒక చిన్న నాబ్ తప్పుగా తిప్పితే మిషన్ పెట్టినా పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ తాగుతూనే ఉంటారు.

అమ్మేవాళ్లు చేసి చూపించే తమాషా సంగతి ముందే తెలిసి ఉండాలి. రెండు గ్లాసుల్లో రెండేసి కడ్డీలు పెట్టి కరెంటు ఇస్తారు. నల్లా నీళ్లు గోధుమ రంగుకు తిరిగి బురద తేలుతుంది, ఆర్‌ఓ నీళ్లు తేటగానే ఉంటాయి. ఆ బురద నీళ్లలోది కాదు, కరెంటుకు ఇనుప కడ్డీ కరిగి వచ్చిన తుప్పు. నీళ్లలో లవణాలుంటేనే కరెంటు పారుతుంది కాబట్టి, ఎంత మంచి నదీజలమైనా ఆ పరీక్షలో ఓడిపోతుంది. ఆర్‌ఓ గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమనండి, అదీ అట్లాగే తిరుగుతుంది.

టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను చూపదు

పెన్నులాంటి టీడీఎస్ మీటరు మంచి పనిముట్టే. కానీ అది నీళ్లలో మొత్తం ఎన్ని లవణాలు కరిగి ఉన్నాయో అంచనాగా చెబుతుందంతే, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పలేదు. టీడీఎస్ 1000, అంటే లీటరుకు వెయ్యి మిల్లీగ్రాముల లవణాలు ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ లెక్క లీటరుకు ఒకటి, రెండు, నాలుగు మిల్లీగ్రాముల్లోనే ఉంటుంది. వెయ్యిలో నాలుగు ఎక్కువైనా తక్కువైనా మీటరు అంకె కదలదు. భారత ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లే దొరకని చోట 1.5 వరకు. టీడీఎస్‌కు ఆ హద్దులు 500, 2000.

మర్రిగూడ, మునుగోడు, చండూరు పక్కన బోరు నీళ్లు తాగేవాళ్లు ఫ్లోరైడ్ పరీక్ష చేయించకుండా ఏ మిషనూ కొనవద్దు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుల్లో ఈ పరీక్ష చేస్తారు. శాంపిల్ పట్టే పద్ధతి ఇది: మోటరు వేసి పది నిమిషాలు నీళ్లు పోనివ్వాలి, పైపులో నిలిచిన నీళ్లు పట్టకూడదు. లీటరు ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి, నిండా పట్టి మూత బిగించాలి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. బోరు పేరు, తేదీ చీటీ మీద రాసి అతికించండి. ఎండాకాలం చివర ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చేయిస్తే మేలు, ఒకే బోరులో రెండు కాలాలకు అంకె మారుతుంది.

కాచితే ఫ్లోరైడ్ పోతుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. కాచితే నీళ్లు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండి ఇంకా చిక్కబడుతుంది. క్రిములను చంపే యూవీ దీపం, సన్న రంధ్రాల యూఎఫ్ ఫిల్టరు కూడా దాన్ని తీయలేవు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి తేర్చే నల్లగొండ టెక్నిక్ పనిచేస్తుంది. నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసిన పద్ధతే అది. కానీ పటిక ఎంత వేయాలన్నది ఫ్లోరైడుతోపాటు నీళ్ల క్షారత మీద కూడా ఆధారపడుతుంది. ఇంట్లో అందాజుగా వేస్తే ఫ్లోరైడ్ మిగిలిపోవడమో, అల్యూమినియం నీళ్లలో ఉండిపోవడమో జరుగుతుంది. కొలతలు చూసే మనిషి లేకుంటే ఆ పని పెట్టుకోవద్దు.

నల్లా నీళ్లకు

నల్లా నీళ్ల టీడీఎస్ వారం రోజులు కొలిచి గోడ మీద రాయండి. రోజూ 500 లోపే ఉంటే ఆర్‌ఓతో పనిలేదు. 500 లోపు ఉన్నచోట ఆర్‌ఓ మిషన్లు వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. ఆ నీళ్లలో అనుమానించాల్సింది క్రిములనే. పైపు ఎక్కడన్నా పగిలి మోరీ నీళ్లు కలిస్తే ప్రమాదం. దానికి కాచి వడపోయడమో, యూవీ ఉన్న చిన్న ఫిల్టరో చాలు. బ్లీచింగ్ వాసన గిట్టకపోతే వెడల్పు గిన్నెలో పోసి కాసేపు మూత తీసి పెడితే తగ్గిపోతుంది. తర్వాత కుండలో పోసుకోండి.

మీటరు అసలు ఉపయోగపడేది ఇక్కడే. రోజూ 300 చూపే నల్లా ఒకనాడు 900 చూపిందంటే, భగీరథ నీళ్లు ఆగి ఊరి ట్యాంకులోకి బోరు నీళ్లు ఎక్కించారన్నమాట. ఆ రోజు ఆ నీళ్లు తాగడానికి పట్టకండి. మీటరు లేకపోయినా పప్పు చెబుతుంది, ఉడకక బిరుసుగా ఉండిపోతుంది.

బోరు నీళ్లకు మిషన్ బిగించేటప్పుడు

నలుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు కలిపి రోజుకు 25 లీటర్లు పెట్టుకోవాలి. వంట మాట మరవద్దు. అన్నం, పప్పు నీళ్లను పీల్చుకుంటాయి, ఫ్లోరైడ్ కూడా వాటితోనే కడుపులోకి పోతుంది. తాగడానికి మాత్రం ఆర్‌ఓ నీళ్లు, వంటకు బోరు నీళ్లు వాడితే సగం పనే అయినట్టు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలుంటే మరీ జాగ్రత్త, పళ్లు తయారయ్యే వయసులోనే గార పడుతుంది.

మామూలు ఇంటి మిషన్‌లో ఉండేవి: బయట 5 మైక్రాన్ల దూది క్యాండిల్, లోపల కార్బన్ ఫిల్టరు, 24 వోల్టుల పంపు, గంటకు సుమారు 12 లీటర్లకు లెక్కగట్టిన 80 జీపీడీ (రోజుకు గ్యాలన్లు) మెంబ్రేన్, అంటే లవణాలను ఆపే పొర, ఆ ఆగిన లవణాలతో బయటికి పోయే వృథా నీళ్ల పైపుకు ధారను తగ్గించే ఫ్లో రిస్ట్రిక్టర్. బ్రాండు పేరుకన్నా లోపలి ఈ భాగాలు విడిగా మీ ఊరి దుకాణంలో దొరికే సైజువేనా చూసుకోండి. కంపెనీ సొంత సైజు ఫిల్టర్లుండే మిషన్ కొంటే, ప్రతి ఏడూ వాళ్లు చెప్పిన ధరే.

ఇప్పుడు ఆ నాబ్ సంగతి. చాలా మిషన్లలో టీడీఎస్ కంట్రోలర్ అని ఒకటి ఉంటుంది. మెంబ్రేన్ నుంచి వచ్చిన నీళ్లు చప్పగా ఉంటాయని, దాని ద్వారా కొంత పచ్చి నీళ్లను మెంబ్రేన్‌లోకి పోనివ్వకుండా నేరుగా ట్యాంకులో కలుపుతారు. లెక్క చూడండి. బోరులో టీడీఎస్ 1000, ఫ్లోరైడ్ 4 ఉన్నాయనుకుందాం. మెంబ్రేన్ బాగా పనిచేస్తే టీడీఎస్ 80కి, ఫ్లోరైడ్ 0.4కి దిగుతాయి. మెకానిక్ రుచి కోసం నాలుగో వంతు పచ్చి నీళ్లు కలిపితే టీడీఎస్ 310 అవుతుంది. మీటరు చూసి అందరూ మెచ్చుకుంటారు. ఫ్లోరైడ్ మాత్రం 1.3కి చేరుతుంది, అంటే 1 అనే హద్దు దాటింది. కాబట్టి ఫ్లోరైడ్ ఉన్న బోరుకు ఈ నాబ్ పూర్తిగా మూసేయించాలి. మూశాక ట్యాంకు నీళ్ల టీడీఎస్, మెంబ్రేన్ పైపు నుంచి నేరుగా పట్టిన నీళ్ల టీడీఎస్ దాదాపు ఒకటే ఉండాలి. తేడా ఎక్కువుంటే నాబ్ ఇంకా కారుతున్నట్టే. చప్పదనం మరీ ఇబ్బందైతే మెంబ్రేన్ తర్వాత మినరల్ క్యాట్రిడ్జ్ వేయించుకోండి, పచ్చి నీళ్లు కలవవు.

"టీడీఎస్ తక్కువైతే ఎముకలు గుల్లవుతాయి" అని మెకానిక్కులు బెదిరిస్తుంటారు. కాల్షియం మనకు ఎక్కువగా వచ్చేది పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరల నుంచి. ఎముకలకు భయపడి ఫ్లోరైడ్ నీళ్లు కలుపుకోవడమంత తిరకాసు ఇంకోటి లేదు.

మెంబ్రేన్ సత్తా తెలియాలంటే మిషన్ పది నిమిషాలు నడిచాక రెండు అంకెలు తీయండి: లోపలికి పోయే నీళ్లది, మెంబ్రేన్ నుంచి వచ్చేది. 1000 పోయి 80 వస్తే నూటికి 92 పాళ్లు ఆపుతున్నట్టు. 200 వస్తే, అంటే 80 పాళ్లకు పడితే, మెంబ్రేన్ మార్చే టైమైంది. మార్చాక ఏడాదికోసారి ట్యాంకు నీళ్లనూ ల్యాబులో ఫ్లోరైడ్‌కు చూపించండి.

వృథా నీళ్లు

సన్న పైపులో మోరీకి పోయే నీళ్లు ఎన్నో ముందు కొలవండి. ఐదు నిమిషాలు రెండు పైపులనూ వేర్వేరు గిన్నెల్లోకి పట్టండి. ఒక లీటరు మంచివి వచ్చేలోపు మూడు లీటర్లు వృథా పోవడం ఇంటి మిషన్లలో మామూలు. అంటే 25 లీటర్లు తాగే ఇంట్లో 75 లీటర్లు, దాదాపు నాలుగు పెద్ద బకెట్లు, రోజూ మోరీ పాలు.

దీనికి తెలివిగా కనిపించే ఉపాయం ఒకటుంది, వృథా పైపుకు వాల్వు పెట్టి సగం మూసేయడం. బోరు నీళ్లకు ఆ పని చేయవద్దు. పై ఉదాహరణలో వృథా నీళ్ల టీడీఎస్ 1300 చుట్టుపక్కల ఉంటుంది. సగం సగం వచ్చేటట్టు బిగిస్తే అది 1900 దాటుతుంది. అంత చిక్కటి నీళ్లలోంచి సున్నం మెంబ్రేన్ మీదనే పేరుకుంటుంది, రెండేళ్లు రావాల్సింది కొన్ని నెలల్లో పోతుంది. పైపు ఎక్కడా మడత పడకుండా చూసుకోవడం కూడా అందుకే.

ఆ నీళ్లను పట్టుకుని వాడటమే సరైన దారి. మిషన్ కన్నా కింద మూత ఉన్న డ్రమ్ము పెట్టండి. మూతకు చిన్న రంధ్రం చేసి పైపు దూర్చండి, పైపు కొన నీళ్లలో మునగకుండా జానెడు పైనే ఆగాలి. డ్రమ్ము పై అంచుకు కొంచెం కింద ఇంకో రంధ్రం వేసి, పొర్లే నీళ్లు మోరీకి పోయేటట్టు పైపు పెట్టండి. లేకపోతే రాత్రి మిషన్ నడుస్తూ వంటిల్లంతా తడుస్తుంది. రెండు రంధ్రాలకూ దోమల జాలీ కట్టాలి. వారానికోసారి డ్రమ్ము ఖాళీ చేసి గోడలు రుద్దాలి, డెంగీ దోమ పెరిగేది ఇట్లాంటి నిలవ నీళ్లలోనే.

ఈ నీళ్లు పెద్ద విషమేం కాదు. మీ బోరు నీళ్లే, కొంచెం చిక్కబడ్డాయి. లెట్రిన్‌లో పోయడానికి, గచ్చు తుడవడానికి, వాకిట్లో అలుకు చల్లడానికి, బోళ్లు మొదట నానబెట్టడానికి, బండి కడగడానికి పనికొస్తాయి. నాలుగు బకెట్లలో ఎక్కువ భాగం లెట్రిన్‌కే సరిపోతుంది. నురగ సరిగా రాదు కాబట్టి బట్టలకు మొదటి నానబెట్టుడు వరకే. గచ్చు మీద తెల్ల మరకలు పడితే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో తుడవండి.

వాడకూడని చోట్లు గట్టిగా గుర్తుంచుకోవాలి. పశువుల తొట్టిలో పోయకండి. ఫ్లోరైడ్ 4 ఉన్న బోరుకు వృథా నీళ్లలో 5 పైన ఉంటుంది, పశువుల పళ్లు, ఎముకలు కూడా దానికి పాడవుతాయి. కూలర్‌లో పోస్తే నీళ్లు ఆవిరై ఉప్పంతా గడ్డి ప్యాడ్లలో గట్టిపడుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీకి ఇవే కాదు, ఆర్‌ఓ మంచి నీళ్లు కూడా వద్దు, డిస్టిల్డ్ నీళ్లే పోయాలి. చెట్లలో కొబ్బరి, వేప, కాగితం పూలు ఉప్పును తట్టుకుంటాయి. బత్తాయి, నిమ్మ, చిక్కుడు తట్టుకోలేవు, ఆకు అంచులు మాడి రాలిపోతాయి. కుండీ మొక్కలకు అసలే వద్దు, ఉప్పు పోవడానికి దారి ఉండదు. తినే ఆకుకూరల మడిలోకీ పారనివ్వకండి. బోరు పక్కనే ఇంకుడు గుంత ఉంటే అందులోకి వదలవద్దు. అది వాన నీళ్ల కోసం.

ఫిల్టర్లు, సెలవులు

బయటి దూది క్యాండిల్ మూడు నెలలకు చూడండి, గోధుమ రంగుకు తిరిగితే మార్చండి. నీళ్లు సన్నగా వస్తుంటే మెకానిక్‌ను పిలిచేముందు చూడాల్సింది అదే, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. ఇన్‌లెట్ వాల్వు కట్టి, స్పానర్‌తో క్యాండిల్ ఉన్న గిన్నె విప్పి, రబ్బరు రింగు తుడిచి సరిగ్గా గాడిలో కూర్చోబెట్టి చేతి బిగువు వరకే తిప్పండి. మరీ బిగిస్తే రింగు నలిగి కారుతుంది. కార్బన్ ఏడాదికోసారి. కొత్త మెంబ్రేన్ వేశాక మొదటి రెండు ట్యాంకుల నీళ్లు తాగకుండా గచ్చుకు వాడండి.

పండక్కో పెళ్లికో వారం పైన ఇల్లు తాళం వేసి పోతుంటే ఇన్‌లెట్ కట్టి, స్విచ్ తీసి, ట్యాంకు ఖాళీ చేసి పోవాలి. వచ్చాక ఒక ట్యాంకు నింపి పారబోసి, రెండోది పట్టుకోండి.