జనరేటర్ కొనే ముందు మీ ఇంటి లెక్క తేల్చుకోండి

దసరా దాటి తుపాన్ల కాలం మొదలయ్యేసరికి బంధువులు, ఇరుగుపొరుగు నన్ను ఒకటే ప్రశ్న అడుగుతారు: "బాబాయ్ గారూ, ఏ కంపెనీ జనరేటర్ మంచిది?" విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో లైన్‌మన్‌గా, తర్వాత లైన్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఆ ప్రశ్న నా దగ్గరికి రావడం సహజం. కంపెనీ సంగతి ఆఖర్న చూద్దాం. మీ ఇంటికి కరెంటు పోతే ఎంతసేపు పోతుంది, పోయినప్పుడు ఏ పని ఆగిపోతుంది? ఈ రెండూ ముందు తేలాలి.

చెట్టు కొమ్మ తగిలి ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి మీ ప్రాంతానికి కరెంటు తెచ్చే లైను) ట్రిప్ అయితే, అంటే దానంతటదే ఆగిపోతే, గంటలో, రెండు గంటల్లో సరఫరా వస్తుంది. దానికి జనరేటర్ అక్కర్లేదు. తుపాను స్తంభాలను నేలకూలిస్తే మాత్రం రోజుల లెక్క. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర హుద్‌హుద్, 2018 అక్టోబరులో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరితోటల మీద తిత్లీ అలాంటివే. అప్పుడు మరమ్మతులకు ఒక వరుస ఉంటుంది. ముందు సబ్‌స్టేషన్‌కు వచ్చే 33 కేవీ (33 వేల వోల్టుల) లైను నిలబెట్టాలి, తర్వాత 11 కేవీ ఫీడర్లు. వాటిలోనూ ఆసుపత్రి, మంచినీటి పథకం ఉన్న ఫీడర్లకే మొదటి చోటు. ట్రాన్స్‌ఫార్మర్లు, వీధి లైన్లు ఆ తర్వాతే. మీ ఇల్లు ఆసుపత్రి ఫీడర్ మీద ఉంటే సరఫరా త్వరగా వస్తుంది. తోటల చివర, లైనులో ఆఖరి స్తంభం దగ్గర ఉంటే అందరికంటే ఆలస్యంగా వస్తుంది. మీది ఏ ఫీడరో మీ లైన్‌మన్‌ను అడగండి, చెబుతాడు. ఎంతోమంది ఏళ్ల తరబడి ఆ ఇంట్లో ఉంటూ కూడా ఇది తెలుసుకోరు.

ఇక అవసరాల లెక్క. సాధారణ ఫ్యాను 75 వాట్లు, ఎల్ఈడీ బల్బు 9 వాట్లు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-గంటల) ఇన్వర్టర్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్-గంటలు ఉంటాయి. నష్టాలు పోను, బ్యాటరీని అడుగంటా వాడకూడదు కాబట్టి చేతికి అందేది సుమారు 1,200. రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు వేస్తే ఆరు గంటల పైచిలుకు నడుస్తాయి. అవే ఫ్యాన్లు 30 వాట్ల బీఎల్‌డీసీ రకానివైతే (తక్కువ కరెంటు తీసుకునే మోటారు ఉన్నవి) పన్నెండు గంటలు. రాత్రి నిద్ర కోసమే జనరేటర్ అనుకునేవారికి నా సలహా ఒక్కటే: ముందు ఫ్యాన్లు మార్చండి. అందులో సగం సమస్య తీరిపోతుంది.

రోజుల తరబడి కరెంటు లేనప్పుడు ఇల్లు నిజంగా కుంగిపోయేది నీళ్ల దగ్గర. మేడ మీది ట్యాంకు ఖాళీ అయితే చీకటిని భరించినట్టు దాన్ని భరించలేం. బోరు మోటారును మామూలు ఇంటి ఇన్వర్టర్ లాగలేదు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. నడిచేటప్పుడు మోటారు లైను నుంచి అంతకంటే ఎక్కువే తీసుకుంటుంది, స్టార్టయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు గుంజుతుంది. అందుకే ఒక హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్‌కు (బోరు లోపల నీళ్లలో ఉండే మోటారుకు) 3 కేవీఏ (జనరేటర్ సామర్థ్యపు కొలత) కంటే చిన్న జనరేటర్ కొనవద్దంటాను. రోజుకు అరగంట నీళ్ల కోసం అయితే నాలుగిళ్లవాళ్లు కలిసి ఒకటి కొనుక్కోవడం ఎంతో మేలు. హుద్‌హుద్ తర్వాత మా వీధిలో ఒకే జనరేటర్ ఇంటింటికీ తిరిగి ట్యాంకులు నింపింది. అపార్టుమెంటులో ఉండేవారు విడిగా కొనే ముందు, ఉన్న జనరేటర్‌కు నీళ్ల మోటారు కలిపారో లేదో చూసుకోండి. కొన్నిచోట్ల లిఫ్టుకు మాత్రమే కలుపుతారు.

ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రం) మీద ఉన్న రోగి ఉంటే విషయం వేరు. నిమిషానికి అయిదు లీటర్లు ఇచ్చే యంత్రం సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. పైన చెప్పిన బ్యాటరీ మూడున్నర గంటలకు చేతులెత్తేస్తుంది. అక్కడ జనరేటర్ గురించి సందేహించవద్దు, దానితోపాటు నింపిన సిలిండర్ ఒకటి ఇంట్లో ఉంచండి.

మేడ మీద సోలార్ పలకలు ఉన్నాయి కదా అని ధీమాగా ఉండేవారు ఒక సంగతి గమనించాలి. గ్రిడ్‌కు, అంటే బయటి కరెంటు లైనుకు, కలిపిన మామూలు సోలార్ వ్యవస్థ కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసేవారి ప్రాణాల కోసమే ఆ ఏర్పాటు. కరెంటు పోయినా నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ ఉండాలి.

ఆ ప్రాణాల మాటే జనరేటర్ విషయంలోనూ నాకు అన్నింటికంటే ముఖ్యం. కొందరు రెండు వైపులా ప్లగ్గులున్న తీగతో జనరేటర్‌ను గోడ సాకెట్‌కు కలిపేస్తారు. మెయిన్ ఆపడం మరిచిపోతే ఆ కరెంటు మీటరు దాటి వీధి లైనుకు, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు వెనక్కి వెళ్తుంది. 230 వోల్టులు అటువైపు 11,000 వోల్టులవుతాయి. లైను ఆపారని నమ్మి స్తంభం ఎక్కినవాడి చేతిలో ఉండేది ఆ తీగే. పని మొదలుపెట్టే ముందు లైనును ఎర్త్ చేయాలని, అంటే భూమికి కలపాలని, మాకు నేర్పుతారు. కానీ తుపాను మర్నాడు వంద చోట్ల తెగిన లైన్ల మధ్య, నిద్ర లేని మనిషికి ఒక్క పొరపాటు చాలు. కాబట్టి ఇల్లు లైనుకో జనరేటర్‌కో ఒక్కదానికే కలిసేలా, ఫేజు, న్యూట్రల్ తీగలు రెండింటినీ వేరుచేసే చేంజోవర్ స్విచ్‌ను లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి. ఎర్తింగ్ కూడా అతనితోనే చూపించుకోండి. ఆ ఖర్చు దండగ అనిపిస్తే దయచేసి జనరేటర్ కొనవద్దు.

పెట్టే చోటు కూడా కొనక ముందే చూడాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. కిటికీలకు, తలుపులకు కనీసం ఇరవై అడుగుల దూరంలో, గాలి ఆడే ఆరుబయట పెట్టాలి. వాన వస్తోందని వరండాలోకి లాగడం, షట్టర్ లోపల పెట్టడం, బాల్కనీలో నడపడం, ఇవేవీ వద్దు. వానకు తడవకుండా కప్పు ఉండి, చుట్టూ తెరిచి ఉండి, అంత దూరం ఉన్న జాగా మీకు లేకపోతే లెక్క అక్కడే ముగిసింది. రెండు బ్యాటరీల ఇన్వర్టర్ తీసుకోండి.

ఇంధనం సంగతి క్లుప్తంగా చెబుతాను. 3 కేవీఏ స్థాయి పెట్రోలు జనరేటర్ బాగా లోడు మీద గంటకు సుమారు లీటరు తాగుతుంది. కరెంటు లేక బంకులూ ఆగిపోతాయి, తెరిచిన చోట బారులు తీరతారు, డబ్బాల్లో పోయడానికి చాలామంది ఒప్పుకోరు. రోజుకు మూడు గంటలకు మించి నడపననే లెక్కతోనే కొనండి. ఆ మూడు గంటల్లో ఇన్వర్టర్ బ్యాటరీ నిండిపోతుందని ఆశించవద్దు, 150 ఏహెచ్ బ్యాటరీకి పది గంటల పైనే పడుతుంది. నెలకోసారి పావుగంట లోడు మీద నడపండి, లేదంటే పెట్రోలు తీసేసి పెట్టండి. నిలవ పెట్రోలు కార్బురేటర్‌లో జిగురు కట్టి, అవసరమైన రోజున స్టార్టు కానివ్వదు.

హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటూ ఊళ్లో అమ్మానాన్నల కోసం కొనాలనుకునే పిల్లలకు ఒక మాట. డెబ్బై ఏళ్ల మనిషి వానలో బయటికి వెళ్లి తాడు లాగి స్టార్టు చేయడం, పెట్రోలు పోయడం జరిగే పని కాదు. వారి అవసరం ఫ్యాను, దీపం, ఫోను అయితే ఇన్వర్టరే సరైనది. నీళ్ల కోసం జనరేటర్ తప్పదంటే బటన్‌తో స్టార్టయ్యేది చూడండి, దాన్ని నడపగల పొరుగువారితో ముందే మాట్లాడండి. దుకాణంలో డబ్బు కట్టేది ఇంట్లో ఉండబోయే మనిషి చేత అక్కడే ఒకసారి స్టార్టు చేయించి చూశాకే.