పిల్లలకు గ్రహాలు నేర్పాలా? ఒక ఫుట్‌బాల్, నాలుగు ఆవాలు పట్టుకుని నడవండి

పాఠ్యపుస్తకంలో బొమ్మ చూసిన పిల్లలు గ్రహాలన్నీ బస్టాండులో బస్సుల్లా పక్కపక్కనే ఉంటాయనుకుంటారు. పేర్లు గడగడా చెప్పేస్తారు, దూరం మాత్రం ఊహకు అందదు. అసలు నేర్పాల్సింది ఆ దూరమేనని నా నమ్మకం.

ముందు పేర్లు. మంగళ, బుధ, గురు, శుక్ర, శని అని వారాల పేర్లు చెప్పించండి. మామూలు కంటికి సులువుగా కనిపించే గ్రహాలు ఈ ఐదే. వీటికి భూమినీ, టెలిస్కోపు వచ్చాక తెలిసిన యురేనస్ (1781), నెప్ట్యూన్ (1846)లనూ కలిపితే ఎనిమిది. శ్రీకాళహస్తి వెళ్లొచ్చిన పిల్లలైతే "మరి రాహుకేతువులు?" అంటారు. కసురుకోకండి. గుడిలో నవగ్రహాల లెక్క వేరు, సైన్సు లెక్క వేరు అని చెప్పండి. సైన్సులో సూర్యుడు నక్షత్రం, చంద్రుడు ఉపగ్రహం. ఆకాశంలో సూర్యుడి దారీ చంద్రుడి దారీ కలిసే రెండు చోట్లే రాహుకేతువులు. ఆ చోట్ల దగ్గరే గ్రహణాలు పడతాయి.

ఇక సామాను. సూర్యుడు ఫుట్‌బాల్ అనుకుంటే భూమి, శుక్రుడు ఆవగింజలు. బుధుడు, అంగారకుడు గసగసాలు. గురుడు పెద్ద గోలీ, శని అంతకంటే కాస్త చిన్నది. యురేనస్, నెప్ట్యూన్ బఠాణీలు. చిన్న గింజలను అట్టముక్కలకు గమ్‌తో అంటించకపోతే గాలికి పోతాయి.

ఆదివారం తెల్లవారే సరికి, తిరుపతిలో అయితే యూనివర్సిటీ వైపు గానీ, బండ్లు తిరగని ఇంకో పొడవాటి దారికి గానీ తీసుకెళ్లండి. పది మీటర్ల తాడు ఉంటే చాలు, కొలత పిల్లలే చూసుకుంటారు. బంతి నుంచి 9 మీటర్లకు బుధుడు, 17కు శుక్రుడు, 23న్నరకు భూమి. ఆ ఆవగింజకు ఆరు సెంటీమీటర్ల దూరంలో పెన్నుతో చుక్క పెట్టించండి, అదే చంద్రుడు. మనిషి అడుగుపెట్టింది అంతవరకే.

36 మీటర్ల దగ్గర అంగారకుడు. ఇక్కడ కాసేపు ఆగాలి. ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న బయలుదేరిన మంగళ్‌యాన్, 2014 సెప్టెంబరు 24న ఆ గసగసం చుట్టూ తిరిగే కక్ష్యలోకి చేరిందని చెప్పండి. పిల్లలు వెనక్కి తిరిగి ఆవగింజను వెతుక్కుంటారు.

తర్వాత గురుడికి బంతి నుంచి ఏకంగా 122 మీటర్లు. శనికి 224, యురేనస్‌కు 450. నెప్ట్యూన్ దగ్గరికి 700 మీటర్లు నడిచి వెళ్లేసరికి ఫుట్‌బాల్ చుక్కంత అయిపోతుంది. చిన్నవాళ్లు అలసిపోతే శని దగ్గరే ఆపేయండి.

ఆ వారంలోనే ఒక సాయంత్రం మిద్దె మీదికి తీసుకెళ్లండి. తిరుపతిలో దిక్కులకు ఇబ్బంది లేదు. తిరుమల కొండకు ఎదురుగా నిలబడితే ఎడమచేతి వైపు పడమర, కుడివైపు తూర్పు. శుక్రుడు ఉంటే పొద్దుగూకాక పడమరన, లేదా తెల్లవారుజామున తూర్పున కనిపిస్తాడు. నక్షత్రాల్లా మిణుకుమనడు. గురుడు కనిపించే రోజుల్లో బైనాక్యులర్స్‌ను గోడకు ఆనించి చూపిస్తే పక్కన సన్నటి చుక్కలు కనిపిస్తాయి. అవి దాని చందమామలు. ఎన్ని ఉన్నాయో, ఎక్కడున్నాయో పిల్లల చేత నోటుబుక్కులో గీయించండి. మర్నాడు మళ్లీ చూపించండి, చోటు మారి ఉంటాయి.