పండుగప్ప గాలానికి పడట్లేదా? ముందు నీటి వడి చూడండి

కృష్ణపట్నం వైపు కండలేరు క్రీకు, బకింగ్‌హామ్ కాలువ, ఊటుకూరు దగ్గర పెన్నా మొగ (నది సముద్రంలో కలిసే చోటు). ఈ ఉప్పునీటి గట్ల మీద కూర్చుని పండుగప్పకు గాలం వేసేవాళ్లకు మాటిమాటికీ ఎదురయ్యే ఇబ్బందులివి.

గంటల తరబడి కూర్చున్నా ఎర ముట్టదు

ఇలా జరిగితే చాలామంది ఎర మారుస్తారు. నా లెక్కలో ఎర సంగతి తరవాత, ముందు నీళ్లు కదులుతున్నాయా అన్నది చూడాలి. పండుగప్ప మాటు వేసి మింగే చేప. వడి రొయ్యల్నీ బొంత చేప పిల్లల్నీ తోసుకొస్తుంటే అది ఏ స్తంభం చాటునో కాచుకుని ఉంటుంది. నీళ్లు నిలబడిపోతే మేత మానేస్తుంది.

పోటు (సముద్రం నీళ్లు లోపలికి ఎక్కడం) సుమారు ఆరు గంటలు, పాటు (ఆ నీళ్లు తిరిగి దిగడం) సుమారు ఆరు గంటలు. మర్నాటికి అదే పోటు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నిన్న ఆరింటికి చేప పడిందని ఇవాళ కూడా ఆరింటికే వెళ్తే లాభం లేదు. పోటు నిండి పాటు తీయడం మొదలైన తొలి రెండు గంటలు నేను వదులుకోను. అమావాస్య, పౌర్ణమి దాటిన రెండు మూడు రోజులు నీటి లాగుడు బాగుంటుంది, అష్టమి చుట్టుపక్కల బాగా తగ్గుతుంది. సెలవు అష్టమినాడే దొరికితే వంతెన కిందో, కాలువ ఇరుకైన చోటో వేయండి. ఉన్న కాస్త వడీ అక్కడే ఉంటుంది.

నీళ్లు కదులుతున్నా పడట్లేదు

బహుశా మరీ దూరం విసురుతున్నారు. చేప తరచూ గట్టు పక్కనే, మడ చెట్ల వేళ్ల దగ్గర, రొయ్యల చెరువుల నీళ్లు పడే తూముల దగ్గర ఉంటుంది. గట్టు వెంబడే వేయండి. రాత్రిపూట టార్చి వెలుగు నీళ్ల మీద పడనివ్వకండి.

ఎర మాయం, గాలం ఖాళీ

పీతల పని. చచ్చిన రొయ్యను నేలకు ఆనించకండి. బతికున్న రొయ్యను తోక దగ్గర గుచ్చి, నేలకు మూరెడు పైన ఉండేలా బెండు కట్టండి.

దారం తెగిపోతోంది

పళ్లు కొరికాయనుకుని స్టీలు తీగ కడతారు, అక్కర్లేదు. దాని నోరు ఆకురాయిలా గరుకుగా ఉంటుంది, మొప్ప మీది డిప్ప అంచు మాత్రం కత్తే. గాలం ముందు రెండు మూరలు 0.7 మి.మీ. మందం నైలాన్ దారం కట్టండి. చేప గాల్లోకి ఎగిరి తల విదిలిస్తే కర్ర కొన కిందికి దించి, దారం బిగువు పోకుండా చూడండి. ఒడ్డుకు వచ్చాక మొప్పల్లో వేళ్లు పెట్టొద్దు, కింది దవడ పట్టుకోండి. ప్రతి చేపకూ దారం తడిమి చూసి, గరుకు తగిలితే అంతవరకు కోసేయండి.

అన్నీ చిన్నవే పడుతున్నాయి

పిల్లలు క్రీకు లోపలికి ఎక్కి పెరుగుతాయి. గుడ్లు పెట్టేది మొగ దగ్గర, ఉప్పు బాగా ఉన్న నీళ్లలో. కాబట్టి పెద్దవి కావాలంటే మొగ వైపు దిగండి. ఈ చేప మగదిగా మొదలై కొన్నేళ్లకు ఆడదవుతుంది, బాగా పెద్దవి చాలావరకు తల్లులే. కడుపు నిండా గుడ్లున్నదాన్ని నీళ్లలోకి వదిలేయమని బతిమాలుతున్నాను.

తుఫాను వాన తరవాత ఏమీ లేదు

నవంబరులో పైనుంచి ఎర్రనీళ్లు దిగితే చేపలూ మొగ వైపు జరుగుతాయి. నీళ్లు తేరుకునే దాకా లోపల కూర్చోవడం దండగ.