తేలికపాటి బేస్ క్యాబినెట్ ఇబ్బంది పెడుతుంటే: లక్షణం, కారణం, మరమ్మతు

బేస్ గిటార్ క్యాబినెట్ (స్పీకర్ బిగించిన పెట్టె) బరువు తగ్గించాలంటే కోత పెట్టగలిగిన చోట్లు మూడే: అయస్కాంతం, చెక్క, పెట్టె పరిమాణం. అయస్కాంతంలో తగ్గిన బరువుకు డబ్బు తప్ప పెద్దగా మూల్యం చెల్లించనక్కర్లేదు. చెక్కలో తగ్గిన బరువు వల్ల వచ్చే లోటును లోపలి బ్రేసులతో (పలకలను కలిపి బిగించే అడ్డకర్రలతో) పూడ్చుకోవచ్చు. పరిమాణంలో కోసినదాన్ని మాత్రం పూర్తిగా పూడ్చే మార్గం లేదు. కాబట్టి క్యాబినెట్ సరిగా పలకడం లేదనిపించినప్పుడు, కోత ఎక్కడ పడిందో ముందు కనుక్కోవాలి. కొత్త యాంప్లిఫయర్ గురించి ఆ తర్వాతే ఆలోచించాలి.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పరీక్ష

ఫోనులో టోన్ జనరేటర్ యాప్ పెట్టుకుని, యాంప్లిఫయర్ ఆక్స్ ఇన్‌పుట్‌కు కలపండి. ఈక్వలైజర్ గుండీలన్నీ మధ్యలో ఉంచండి. గ్రిల్ తీసేసి, ఓ మోస్తరు శబ్దంతో 400 హెర్ట్జ్ నుంచి 30 హెర్ట్జ్ వైపు మెల్లగా దిగుతూ కోన్‌ను (స్పీకర్‌లో ముందుకూ వెనక్కూ ఊగే గరాటు భాగాన్ని) గమనించండి. పోర్ట్ (గాలి రాకపోకలకు పెట్టెకు బిగించే గొట్టం) ఉన్న పెట్టె అయితే, దిగేకొద్దీ కోన్ ఊపు పెరుగుతూ వచ్చి, ఒకచోట ఉన్నట్టుండి దాదాపు నిలిచిపోతుంది. శబ్దం మాత్రం వస్తూనే ఉంటుంది. ఆ క్షణంలో పోర్ట్ ముందు అరచేయి పెడితే గాలి జోరుగా తగులుతుంది. అదే ఆ పెట్టె ట్యూనింగ్ పౌనఃపున్యం. ఆ అంకెను క్యాబినెట్ వెనుక పెన్సిల్‌తో రాసి ఉంచుకుంటే మేలు, కింద చాలా చోట్ల పనికొస్తుంది. ఇంకా దిగితే కోన్ మళ్లీ ఊగుతుంది, ఈసారి వెనుక గాలి అదుపు లేకుండా. అక్కడ శబ్దం పెంచకండి.

లక్షణం: గట్టిగా వాయిస్తే మందపు తీగ బొంగురుపోతోంది, కోన్ టపటపమంటోంది

చిన్న, తేలిక క్యాబినెట్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. "300 వాట్ల స్పీకర్‌కు 300 వాట్ల యాంప్ పెట్టాను, మరి ఇలా ఎందుకు?" అని అడుగుతారు.

స్పీకర్ మీద రాసిన వాట్లు వేడికి సంబంధించినవి. వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) కాలిపోకుండా ఎంత శక్తిని భరించగలదో అవి చెబుతాయి. కోన్ ఎంత దూరం అదుపు తప్పకుండా కదలగలదన్నది వేరే లెక్క. దాన్ని ఎక్స్‌మాక్స్ అంటారు, మిల్లీమీటర్లలో ఇస్తారు. నాలుగు తీగల బేస్‌లో అతి మందపు తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ఐదు తీగల బేస్‌లో అయితే 31 దగ్గర. పౌనఃపున్యం సగమైనప్పుడు అంతే శబ్దం రావాలంటే కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. అందుకే పై స్వరాల్లో చెక్కుచెదరని స్పీకర్, కింది స్వరాల్లో తన మీద రాసిన వాట్లలో సగమైనా అందకముందే చేతులెత్తేస్తుంది.

క్యాటలాగులో చూడాల్సిన అంకె ఇక్కడే దొరుకుతుంది. కోన్ విస్తీర్ణాన్ని ఎక్స్‌మాక్స్‌తో గుణిస్తే, స్పీకర్ ఒక ఊపులో ఎంత గాలిని నెట్టగలదో వస్తుంది. 12 అంగుళాల కోన్ విస్తీర్ణం సుమారు 530 చదరపు సెంటీమీటర్లు. ఎక్స్‌మాక్స్ 4 మిల్లీమీటర్లయితే అది నెట్టే గాలి 212 ఘనపు సెంటీమీటర్లు, 8 మిల్లీమీటర్లయితే 424. అంటే కింది స్వరాల విషయంలో రెండో రకం స్పీకర్ ఒక్కటి మొదటి రకానివి రెంటితో సమానం. రెండు పెట్టెల బరువు మోసే పని ఒక పెట్టెతో తీరుతుంది. తేలికగా ఉండాలి, చాలినంతగా మోగాలి అనుకునేవారు వాట్ల కన్నా ముందు ఈ లెక్క చూసుకోవాలి.

మరమ్మతుకు వద్దాం. మొదట బేస్ గుండీ తగ్గించండి. దాన్ని 10 డెసిబెల్స్ పెంచడమంటే ఆ మేరకు యాంప్లిఫయర్ నుంచి పది రెట్ల శక్తిని అడగడమే. 30 వాట్లతో జరిగే పనికి 300 అవసరమవుతాయి. తర్వాత హై పాస్ ఫిల్టర్ (ఒక హద్దుకు కింది పౌనఃపున్యాలను ఆపేది) పెట్టండి. కొన్ని యాంప్లిఫయర్లలో అది ఉంటుంది, లేకపోతే పెడల్ రూపంలో దొరుకుతుంది. పోర్ట్ ఉన్న పెట్టెకు, మీరు పెన్సిల్‌తో రాసుకున్న ట్యూనింగ్ అంకెకు కాస్త కింద దాన్ని నిలపండి. ఆ హద్దు దాటాక కోన్ ఊగడమే తప్ప వినపడే శబ్దం పెద్దగా రాదు, కాబట్టి పోగొట్టుకునేదేమీ లేదు. చాలా మంది ఈ ఫిల్టర్ పెట్టాక "బేస్ పెరిగింది" అంటారు. యాంప్లిఫయర్, కోన్ రెండూ వృథా శ్రమ నుంచి బయటపడటమే అందుకు కారణం.

ఇంతా చేసి చాలకపోతే అలాంటిదే మరో క్యాబినెట్ చేర్చాలి. అప్పుడు అంతే శబ్దానికి ఒక్కో కోన్ కదలాల్సిన దూరం సగమవుతుంది. కేఎల్‌హెచ్ స్పీకర్ సంస్థ స్థాపకుల్లో ఒకరైన హాఫ్‌మన్ పేరు మీద ఒక సూత్రం ఉంది: చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ వాట్లకే ఎక్కువ శబ్దం, ఈ మూడింటిలో ఏ రెండో ఎంచుకోవాలి. మూడూ ఇస్తామనే ప్రకటన కనిపిస్తే అందులో ఏదో ఒక అంకె సాగదీసి రాశారనే అనుకోండి. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌విటి క్యాబినెట్‌లో 10 అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉంటాయి. దాని బరువు 60 కిలోల పైమాటే. అయినా అది కూడా అతి మందపు తీగ మూల స్వరాన్ని పూర్తి బలంతో ఇవ్వదు. మన చెవికి బరువుగా తోచేది చాలావరకు దాని పై అష్టకం, అంటే 82 హెర్ట్జ్ పరిసరాలు. చిన్న క్యాబినెట్ మీద ఆశలు పెట్టుకునే ముందు ఈ సంగతి గుర్తుంటే మనసు కాస్త స్థిమితపడుతుంది.

లక్షణం: ఏదో ఒక స్వరం మాత్రం ఉబ్బి మోగుతోంది

ముందు క్యాబినెట్‌ను ఒక మీటరు అటో ఇటో జరపండి. ఉబ్బే స్వరం మారితే తప్పు గదిది. మారకపోతే పెట్టెది.

గది విషయం త్వరగా తేలుతుంది. మూలలో పెట్టిన క్యాబినెట్‌కు కింది స్వరాలు పెరుగుతాయి, బయటికి లాగితే తగ్గుతాయి. కానీ వెనుక గోడకు మీటరు దూరంలో పెడితే మరో చిక్కు: గోడ నుంచి తిరిగి వచ్చే శబ్దం ఎదురై 86 హెర్ట్జ్ చుట్టుపక్కల స్వరాలు సన్నబడతాయి. అందుకని అయితే గోడకు బాగా దగ్గరగా, లేదంటే బాగా దూరంగా ఉంచాలి. నడుమ దూరాలే ఇబ్బంది. బోలుగా ఉండే చెక్క వేదికైతే క్యాబినెట్ కింద మందపాటి ఫోమ్ పలక వేస్తే చాలు.

పెట్టెది అయితే, ఆ స్వరాన్ని టోన్ జనరేటర్‌లో నిలిపి ఉంచి, అరచేతిని ఒక్కో పలక మీద ఆనించండి. ఒక పలక చేతి కింద జివ్వుమంటుంది. చేత్తో గట్టిగా అదిమితే ధ్వని తేరుకుంటుంది. దొంగ దొరికినట్టే.

కారణం చెక్క మందం. 40, 45, 45 సెంటీమీటర్ల కొలతలున్న పెట్టెను 18 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్‌తో చేస్తే చెక్క బరువే 14 కిలోల దాకా వస్తుంది. 12 మిల్లీమీటర్లతో 9 కిలోలు, అదే మందంలో పోప్లర్ ప్లైవుడ్‌తో 6 కిలోలు. చూడటానికి గొప్ప లాభం. కానీ పలక బిగువు దాని మందం ఘనాన్ని బట్టి మారుతుంది. 18 నుంచి 12కు దిగితే బరువు మూడో వంతు తగ్గుతుంది, బిగువు మాత్రం మూడో వంతు కూడా మిగలదు. ఆ నష్టాన్ని లోపల వేసే బ్రేసులే భర్తీ చేయాలి. తయారీదారులు అక్కడ పొదుపు చేసినప్పుడే ఈ మోత మొదలవుతుంది.

స్పీకర్ విప్పి లోపల చూడండి. ఎదురెదురు పక్క పలకలను కలుపుతూ ఒక అడ్డకర్ర, ముందు పలకను వెనుక పలకతో కలుపుతూ మరొకటి వేసి జిగురుతో బిగించండి. అడ్డకర్రలు చెక్క పలకనే సన్నగా కోసి చేయవచ్చు. అర మీటరు పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న 12 మిల్లీమీటర్ల బర్చ్ ముక్క బరువు పావు కిలో కూడా ఉండదు. 60, 50 సెంటీమీటర్ల పలకను అలాంటి బ్రేసుతో అడ్డంగా రెండు భాగాలు చేస్తే దాని సహజ కంపనం రెట్టింపు కన్నా పైకి పోతుంది. అక్కడ బేస్ శక్తి తక్కువ, ఆపడం తేలిక. బ్రేసు సరిగ్గా మధ్యలో పడకుండా కొంచెం పక్కకు ఉంటే రెండు సగాలూ ఒకే స్వరానికి మోగే ప్రమాదం తప్పుతుంది. నా మటుకు నేను బ్రేసులు లేని 18 మిల్లీమీటర్ల పెట్టె కన్నా చక్కగా బ్రేసులు వేసిన 12 మిల్లీమీటర్ల పెట్టెనే ఎంచుకుంటాను. లోపలి గోడలకు అంటించే ఫోమ్ మధ్య స్వరాల ప్రతిధ్వనిని పీలుస్తుందే గాని, పలక కంపనాన్ని ఆపదు. చాలా మంది ఇక్కడే పొరబడతారు.

లక్షణం: పాత స్పీకర్ తీసి నియోడిమియం స్పీకర్ పెట్టాక ధ్వని చెడిపోయింది

నియోడిమియం ధ్వని పలచన అన్న మాట ఎక్కువగా ఇలాంటి మార్పిడుల వల్లే పుట్టింది. ఫెర్రైట్ అయస్కాంతం ఉన్న బలమైన 12 అంగుళాల స్పీకర్ 7, 8 కిలోలు తూగుతుంది. నియోడిమియంతో చేసినవి చాలావరకు 2 నుంచి 4 కిలోల మధ్య ఉంటాయి. 1980ల మొదట్లో జపాన్‌లో, అమెరికాలో విడివిడిగా కనుగొన్న ఈ అయస్కాంతానికి సొంత ధ్వని అంటూ ఏమీ లేదు. మారిపోయింది స్పీకర్ లక్షణాలు, మారనిది పెట్టె.

పెట్టెకూ స్పీకర్‌కూ జోడీ కుదరడాన్ని నెవిల్ థీల్ 1961లో, ఆ తర్వాత 1970లలో రిచర్డ్ స్మాల్ లెక్కల్లోకి తెచ్చారు. క్యూటీఎస్ (కోన్ ఊపు మీద అదుపు ఎంత తక్కువో చెప్పే అంకె), వీఏఎస్ (కోన్ వేలాడే భాగం బిగువుకు సమానమైన గాలి పరిమాణం), ఎఫ్ఎస్ (స్పీకర్ సహజ కంపనం) అని స్పీకర్ డేటా షీట్‌లో కనిపించేవి అవే. క్యూటీఎస్ ఎక్కువున్న స్పీకర్‌ను చిన్న పోర్ట్ పెట్టెలో పెడితే 80, 100 హెర్ట్జ్ దగ్గర గుట్టలా లేస్తుంది, ప్రతి స్వరం బుడుంగుమంటుంది. మరీ తక్కువైతే అడుగు ఉండదు, ధ్వని ఎండిపోయినట్టు వినిపిస్తుంది.

స్పీకర్ కొనేముందే ఆ అంకెలను విన్‌ఐఎస్‌డీ వంటి ఉచిత ప్రోగ్రాంలో వేసి మీ పెట్టె పరిమాణంతో సరిచూసుకోండి. కొనేసి ఉంటే పోర్ట్ మార్చడమే దారి. పోర్ట్ గొట్టం పొడవు పెంచితే ట్యూనింగ్ కిందికి దిగుతుంది. పోర్ట్‌లో ఫోమ్ కుక్కి మూసి చూడటం ఖర్చు లేని ప్రయోగం. బుడుంగు తగ్గితే రోగం ఇదేనని ఖాయం.

లక్షణం: పోర్ట్ బుసకొడుతోంది

పోర్ట్ ఇరుకైంది, గాలి వేగం పెరిగింది. పెద్ద పోర్ట్ పెడితే సరిపోతుందని అనిపిస్తుంది గాని, లెక్క చూడండి. 60 లీటర్ల పెట్టెను 45 హెర్ట్జ్‌కు ట్యూన్ చేయడానికి 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టం ఒక్కటైతే 12 సెంటీమీటర్ల పొడవు చాలు. గాలికి రెట్టింపు దారి ఇవ్వడానికి అలాంటివే రెండు పెడితే, ఒక్కొక్కటి 31 సెంటీమీటర్లు ఉండాలి. చిన్న పెట్టెలో అంత గొట్టం పట్టదు, పట్టినా లోపలి గాలి చోటును మింగేస్తుంది. తయారీదారు ఇరుకు పోర్ట్ పెట్టింది అందుకే. గొట్టం అంచులను లోపలా బయటా గుండ్రంగా నునుపు చేస్తే బుస చాలావరకు తగ్గుతుంది. మిగిలింది హై పాస్ ఫిల్టర్ చూసుకుంటుంది.

లక్షణం: గరగర, చిటపట

నెమ్మదిగా టోన్ దించుతూ, గ్రిల్‌ను, హ్యాండిళ్లను, జాక్ పలకను ఒక్కొక్కటిగా వేలితో అదమండి. ఆగిందంటే అదే. లోపల వదులుగా ఉన్న తీగ కోన్‌కు తగలడం కూడా మామూలే. స్పీకర్ అంచు నుంచో జాక్ పలక నుంచో గాలి కారుతుంటే సన్నని కాగితం ముక్క రెపరెపలాడి చూపిస్తుంది, ఫోమ్ గాస్కెట్ వేస్తే సరి. పోప్లర్ చెక్క మెత్తన కాబట్టి స్పీకర్ స్క్రూలు ఒకటి రెండుసార్లు విప్పి బిగించాక పట్టు వదిలేస్తాయి. వాటి స్థానంలో వెనుక నుంచి టీ-నట్లు (చెక్కలో దిగి నిలిచే లోహపు నట్లు) దించి బోల్టులు వేయండి, మళ్లీ ఆ మాట ఉండదు.

ఇవేవీ కాకపోతే రెండు చేతుల వేళ్లతో కోన్‌ను నాలుగువైపులా సమానంగా, మెల్లగా లోపలికి నొక్కండి. గీసుకుంటున్న చప్పుడు వస్తే వాయిస్ కాయిల్ పోయింది, మరమ్మతు దుకాణం పని.

లక్షణం: దూరంగా ఉన్నవాళ్లకు గట్టిగా వినిపిస్తోంది, పక్కనే ఉన్న నాకు వినిపించదు

క్యాబినెట్ మోకాళ్ల ఎత్తులో ఉంది, చెవులు పైన ఉన్నాయి. 12 అంగుళాల కోన్ వెయ్యి హెర్ట్జ్ దాటాక శబ్దాన్ని ఇరుకు పాయగా ఎదురుగా పంపుతుంది. స్వరం ఏదో తెలిపే మధ్య స్వరాలు మీ మోకాళ్లకు తగులుతుంటే, మీ చెవికి చేరేది గుమ్ము మాత్రమే. దాంతో బేస్ పెంచుతారు, పైన చెప్పిన మొదటి జబ్బు తెచ్చుకుంటారు. క్యాబినెట్‌ను కుర్చీ ఎత్తుకు లేపండి, లేదా వెనక్కి వాల్చండి. రెండు ఉంటే పక్కపక్కన కాకుండా ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చండి.

లక్షణం: రెండో క్యాబినెట్ కలిపితే బేస్ తగ్గింది

ఒకదానిలో పాజిటివ్, నెగటివ్ తీగలు తారుమారయ్యాయి. యాంప్లిఫయర్ తీసేసి, కేబుల్ చివరన 1.5 వోల్టుల బ్యాటరీని క్షణం పాటు ముట్టించండి. పాజిటివ్ పాజిటివ్‌కు తగిలినప్పుడు రెండు క్యాబినెట్ల కోన్‌లూ బయటికే రావాలి. ఒకటి లోపలికి పోతే దాని తీగలు మార్చండి. పనిలో పనిగా ఓమ్‌లూ చూడండి: 8 ఓమ్‌ల క్యాబినెట్లు రెండు సమాంతరంగా కలిస్తే 4 ఓమ్‌లు, మూడైతే 3 కన్నా తక్కువ. చాలా యాంప్లిఫయర్లు 4 కంటే దిగువకు ఒప్పుకోవు. మల్టీమీటర్‌లో 8 ఓమ్‌ల క్యాబినెట్ 6 దగ్గర చూపించడం సహజమే.

లక్షణం: వాయిస్తుండగా క్యాబినెట్ జరిగిపోతోంది

పది కిలోల పెట్టెకు ఇది తప్పదు. ప్లాస్టిక్ కాళ్లు తీసి మెత్తటి రబ్బరు కాళ్లు వేయండి. మీద పెట్టే యాంప్లిఫయర్ ఇంకా తేలిక కాబట్టి అదే ముందు అంచు దాకా నడిచి పడుతుంది. దాని కింద జారుడు లేని రబ్బరు చాప ఒకటి పరచి, స్పీకర్ కేబుల్‌ను హ్యాండిల్ చుట్టూ ఒక మెలిక తిప్పి ఉంచండి.