చేపల ట్యాంకులో రాయి తేడా చేస్తే: సమస్య - పరిష్కారం

సమస్య: నీళ్లు మార్చిన వారానికే పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) మళ్లీ పెరుగుతోంది

ముందు నీళ్లను అనుమానించండి. అప్పుడే తోడిన బోరు నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది. అది గాల్లో కలిసేకొద్దీ పీహెచ్ తనంతట తనే పెరుగుతుంది. అవే నీళ్లు బకెట్‌లో పోసి, ఎయిర్ పంపు పెట్టి 24 గంటల తర్వాత కొలవండి. బకెట్లోనూ ట్యాంకులోనూ ఒకే అంకె వస్తే రాయి తప్పేమీ లేదు. ట్యాంకులో కేహెచ్ (నీళ్లలోని కార్బొనేట్ల కొలత) కూడా పెరిగిందంటే మాత్రం రాయి కరుగుతున్నట్టే.

కారణం: కడప రాయి, తాండూరు బండ, పాలరాయి, గవ్వలు, పగడపు ముక్కలు అన్నీ సున్నపు జాతివే. మలావి సిక్లిడ్ చేపలకు ఇవి బాగా నప్పుతాయి. నియాన్ టెట్రా, డిస్కస్ లాంటి చేపలకు పడవు. ట్యాంకులో అమోనియా ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ: పీహెచ్ 7 నుంచి 8కి చేరితే అందులోని విషభాగం దాదాపు పది రెట్లవుతుంది.

పరిష్కారం: రాయి తీసేయండి. పీహెచ్ తగ్గించే మందు పోయొద్దు. ఆ ఆమ్లానికి రాయి ఇంకా వేగంగా కరిగి, పీహెచ్ కిందికీ పైకీ ఊగుతుంది. చేపలను ఎక్కువగా దెబ్బతీసేది ఆ ఊగడమే. రోజు విడిచి రోజు 20-25 శాతం నీళ్లు మారిస్తే చాలు.

కొత్త రాయిని పెట్టేముందే పరీక్షించండి. పొడి రాయిని మేకుతో గీకి, గీత మీద వంటింటి వెనిగర్ నాలుగు చుక్కలు వేయండి. బుడగలొస్తే వద్దు. రాకపోయినా నమ్మేయకండి, డోలమైట్ (మెగ్నీషియం కలిసిన సున్నపు ఖనిజం) ఉన్న రాయి పొడిగా నూరితే గానీ పొంగదు. ఆ రాయిని ఆర్‌ఓ నీళ్లలో 7 రోజులు నానబెట్టి, ముందూ తర్వాతా కేహెచ్ కొలవండి. అంకె మారకపోతే సున్నం బెడద లేదు. గ్రానైట్, పలుగురాయి సాధారణంగా నెగ్గుతాయి.

సమస్య: రాయి మీద తుప్పు మరకలు, పచ్చటి చారలు

రాయిలో లోహపు ఖనిజం ఉంది. పచ్చటి చార రాగిదైతే రొయ్యలు, నత్తలు బతకవు. నాచేమోనని బ్రష్‌తో రుద్ది చూడండి. పోకపోతే రాయి పారేసి, నీళ్లు మార్చి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి.

సమస్య: చేప పొట్ట మీద గీతలు, చిరిగిన రెక్కలు

క్రషర్ కంకర అంచులు కోస్తున్నాయి. గ్రానైట్ మంచిదే, పగలగొట్టిన గ్రానైట్ కాదు. నున్నటి గులకరాళ్లు వేయండి. గోల్డ్‌ఫిష్ ఉంటే దాని నోట్లో పట్టనంత పెద్దవి ఎంచుకోండి.

సమస్య: పేర్చిన రాళ్లు జారిపోతున్నాయి

ఇసుక మీద పేర్చారు, చేపలు కింద తవ్వేశాయి. అద్దం మీద పలుచటి ఫోమ్ షీట్ పరిచి, రాళ్లు దాని మీద నిలబెట్టి, ఆఖరున ఇసుక పోయండి.

శుభ్రం చేయడానికి రాళ్లను ఉడకబెట్టొద్దు. లోపల చిక్కిన నీరు ఆవిరై రాయి పేలవచ్చు. సబ్బు లేకుండా బ్రష్‌తో తోమి, వేడినీళ్లు పోసి ఆరబెట్టండి.