ప్లేట్లో మూడు దోశలు, మెయిల్లో ముప్పై అర్థాలు: 'సెట్'ను పట్టుకోవడం ఎలా

బెంగళూరు దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న హోటల్లో, 'ఒందు సెట్' (ఒక సెట్) అంటే మెత్తటి దోశలు, మామూలుగా మూడు, ఒకదాని మీద ఒకటి వస్తాయి. చిక్కంతా ఆఫీసుకెళ్లాకే: ఇంగ్లీషు మెయిళ్లలో ఇదే 'సెట్' ఒక్కోచోట ఒక్కో అర్థంలో వస్తుంది. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు రెండో కూర్పు 'సెట్' క్రియకి 430కి పైగా అర్థాలిచ్చింది. వాటిని బట్టీ పట్టొద్దు. అన్నం పెడతాం, పేరు పెడతాం, చీవాట్లు పెడతాం. 'పెట్టు'కి ఇన్ని అర్థాలేమిటని ఎప్పుడైనా తికమకపడ్డామా? పక్కమాట చూసి పోల్చుకుంటాం. ఇక్కడా అదే పని.

మొదట, ముందు 'ఎ' గానీ 'ది' గానీ ఉందా చూడండి. వెంటనే 'సెట్' వస్తే చాలావరకు నామవాచకమే: టీ సెట్, టెన్నిస్ సెట్, సినిమా సెట్. ('ఎ సెట్ మెనూ'లో మాత్రం విశేషణం, ముందే ఖాయం చేసినది అని.) పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో సెట్ అంటే ఒకే విలువ రెండుసార్లు ఉండని గుంపు. దర్శిని సెట్‌ని అందులో వేస్తే మిగిలేది ఒక్క దోశే.

క్రియ అయితే, తర్వాత కర్మ ఉందా? ఉంటే 'పెట్టు' వేసి చూడండి. అలారం పెట్టు, గడువు పెట్టు, నిప్పు పెట్టు: సరిపోయాయి. 'సెట్ ద టేబుల్' దగ్గర కుదరదు, అది భోజనానికి బల్ల సర్దడం.

కర్మ లేకపోతే ఆ వస్తువు తనంతట తనే కుదురుకుందని. సూర్యుడైతే అస్తమించాడు, పెరుగైతే తోడుకుంది, సిమెంటైతే బిగిసింది. ఇల్లు కట్టించేవాళ్లు ఇక్కడే పొరపడతారు. సిమెంటు టెస్ట్ రిపోర్టులో 'సెట్టింగ్ టైమ్' రెండు అంకెలుగా ఉంటుంది. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు 30 నిమిషాల లోపు బిగియడం మొదలవకూడదు, 600 నిమిషాలు దాటకుండా బిగిసిపోవాలి. సెట్ అయిందంటే బలం వచ్చిందని కాదు, క్యూరింగ్ (నీళ్లతో తడుపుతూ ఉంచడం) ఇంకా ఉంది.

తర్వాత తోకమాటలు, అంటే 'సెట్' వెనక వచ్చే ఆఫ్, బ్యాక్, అప్ లాంటివి. వీటిని విడదీసి చదివితే ఏమీ తేలదు. 'సెట్ ఆఫ్' ఒక్కటే చూడండి: చెన్నైకి సెట్ ఆఫ్ అయితే బయలుదేరడం, అలారాన్ని సెట్ ఆఫ్ చేస్తే మోగించడం, ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కల్లో అయితే నష్టాన్ని ఆదాయంలోంచి తగ్గించుకోవడం. 'సెట్ బ్యాక్' పక్కన మనిషి, డబ్బు ఉంటే అంత ఖర్చయిందని. 'సెట్ అప్' క్రియగా రెండు మాటలు, నామవాచకంగా ఒకటే మాట. 'ప్లీజ్ సెటప్ ద సర్వర్' అని కలిపి రాయడం మెయిళ్లలో రోజూ కనిపించే తప్పు. మనిషిని 'సెట్ అప్' చేయడమంటే ఇరికించడం, లేదా పెళ్లిచూపుల లాంటిది కుదర్చడం. సహోద్యోగికి మెషిన్ అమర్చిపెడతానని చెప్పబోయి 'ఐ విల్ సెట్ యూ అప్' అని అక్కడే ఆపేయకండి.

మనవాళ్లకి అసలు దెబ్బ తెలుగు 'సెట్' వల్ల తగులుతుంది. ఉద్యోగం సెట్ అయింది, ఆ చొక్కా నాకు సెట్ కాలేదు, వాళ్లమ్మాయికి సంబంధం సెట్ అయింది. ఈ మూడూ నిక్షేపమైన తెలుగే, ఇంగ్లీషు కాదు. చొక్కా కొలతకి 'ఫిట్', అందానికి 'సూట్'. ఉద్యోగమైతే 'ఐ గాట్ ద జాబ్' చాలు. సంబంధానికి 'ఫిక్స్' అన్నా మనదేశంలోనే చెల్లుతుంది. బయటివాళ్లకి పెళ్లి నిశ్చయమైందని చెప్పండి.

భూతకాలంలో 'సెట్టెడ్' లేదు, మూడు రూపాలూ 'సెట్'. కాబట్టి 'హీ సెట్ ద ప్రైస్' అంటే అప్పుడే పెట్టేశాడని. ఇప్పటి సంగతైతే 'సెట్స్' అని ఎస్ ఉండేది.

ఆన్‌సైట్‌కి వెళ్లేవాళ్లకి ఇంకొకటి. అమెరికా హోటల్లో 'ఆర్ యూ ఆల్ సెట్?' అని అడిగితే ఇంకేమీ అక్కర్లేదు కదా అని. మర్యాదకి 'యెస్' అన్నారో, సగం తిన్న ప్లేటు కూడా వెళ్లిపోవచ్చు.